అన్యస్వరము
తొలి మాటచిత్రములలో నొక యపరాధపరిశోధన

వాక్యమునుండి యర్థబోధము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక పదము మఱియొకదానిని కోరవలయును. కోరబడినది దానితో పొసగవలయును. రెండును ఎడము లేక వినబడవలయును. చలచిత్రమునకు మాట వచ్చిన తొలియేండ్లలో ఈ నియమములు బొమ్మకును ధ్వనికిని నడుమగూడ వర్తించునని యెఱిగినవా రరుదు. ఆ యెఱుక లేమిచే నొక చిత్రము చెడిన తెఱగును, దానివలన నొక నటికి వాటిల్లిన యన్యాయమును నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము. ఆ చిత్రము అమెరికాలో పారమౌంటు సంస్థ 1929 ఫిబ్రవరిలో వెలువరించిన 'ది కానరీ మర్డర్ కేస్'.

దీనికి మూలము 1927లో వెలసిన అదే పేరుగల నవల. విల్లార్డ్ హంటింగ్టన్ రైట్ అను కళావిమర్శకుడు ఎస్. ఎస్. వాన్ డైన్ అను మాఱుపేరుతో దానిని రచించెను. కథానాయిక 'కానరీ' యని ప్రసిద్ధి కెక్కిన రంగస్థలసుందరి. ధనికుల రహస్యములు చేతనుంచుకొని వారిని పీడించు నామె తన గృహముననే గొంతు నులుమబడి చచ్చి పడియుండును. హంతకుని యుపాయ మిది: చంపిన పిదప గ్రామఫోనుపై నొక ప్లేటు నుంచి, వెలుపలికి వచ్చి, టెలిఫోను ఉద్యోగితో మాటలాడుచు నిలుచును. అంతలో లోపలినుండి కేక వినవచ్చును. అతడు తలుపు తట్టి యడుగగా, భయము లేదు, వెడలిపొమ్మని స్త్రీస్వరము బదులు చెప్పును. తాను వెడలునప్పటికి ఆమె బ్రతికియే యున్నదని సాక్ష్య మేర్పడును. నవలలో ఆ కంఠము హంతకుడే గొంతు మార్చి ప్లేటున కెక్కించినది. ప్లేటుపై చీటి మాత్రము బీథోవెన్ సంగీతమునకు సంబంధించినది. ఫైలో వాన్స్ అను పరిశోధకు డా ప్లేటును వినిపించి మర్మము భేదించును. ఒకరి శరీరము, వేఱొకరి స్వరము: ఈ వంచనయే కథకు ప్రాణము.

ఇంతకంటె మాటచిత్రమునకు తగిన వస్తువు దొరకుట దుర్లభము. కాని యీ చిత్రము మాటచిత్రముగా పుట్టలేదు. 1928లో మాల్కం సెంట్ క్లేర్ దర్శకత్వమున మూకచిత్రముగనే తీయబడెను. వాన్సుగా విలియం పవెల్, కానరీగా లూయీజ్ బ్రూక్స్ నటించిరి. 1927 అక్టోబరులో ప్రదర్శితమైన 'ది జాజ్ సింగర్' నాటినుండి ప్రజలు మాటలకై యుఱ్ఱూతలూగుచుండగా, దీనికిని మాట లతుకుటకు సంస్థ నిశ్చయించెను. సంభాషణభాగములను ఫ్రాంక్ టటిల్ నడపెను. అప్పటికి బ్రూక్స్ పాబ్‌స్ట్ దర్శకుని 'పండోరాస్ బాక్స్'లో నటించుటకై బెర్లిను చేరియుండెను. తిరిగి రమ్మనగా రానని చెప్పెను. అంతట మార్గరెట్ లివింగ్‌స్టన్ అను మఱియొక నటి కంఠము నామె బొమ్మకు తగిలించిరి. మొగము కనబడనిచోట్ల బ్రూక్సునకు మాఱుగా లివింగ్‌స్టనే నిలుచుటయు జరిగెను.

దీనివలన గలిగిన దోషములలో మొదటిది సన్నిధిభంగము. పెదవి యొకప్పుడు, పలుకొకప్పుడు. మాట వినబడవలసినపుడు మొగము దాగును. మొగము కనబడినపుడు మాట సంశయించును. దీనికితోడు, ఆ కాలమున యంత్రపుసడి వినబడకుండ కెమెరాను గదిలో బంధించి, నటులను మైక్రోఫోను చుట్టును నిలుపుట యాచారము. అందుచే మూకగా తీసిన భాగములు నడచును. మాటలతో తీసిన భాగములు నిలిచిపోవును. ఒకే చిత్రమున రెండు గతు లేర్పడెను.

రెండవది యోగ్యతాభంగము. బ్రూక్స్ నటన మితమైనది, చూపుతోడనే మాటలాడునది. అతికిన స్వరమున ఆ చుఱుకుదనము లేదు. కన్ను చెప్పుదానిని కంఠము ఖండించుచుండును. పాత్ర బ్రతికియుండగనే ప్రేక్షకు డామెను నమ్మడు. ఇక చచ్చినపు డేల కలత చెందును?

మూడవది ఆకాంక్ష తీఱకుండుట. అపరాధపరిశోధనకథకు 20 నియమములను వాన్ డైన్ 1928లో ప్రకటించెను. హంతకుని యుక్తిచేతనే పట్టవలెను గాని కాకతాళీయముచే గాదనుట అం దొకటి. చిత్రమున హంతకుడు రైలుదారియొద్ద ప్రమాదమున మరణించును. ప్రతివాది లేని వాదమువలె ముగింపు బలహీనపడెను. అనుమానితులను పేకాటకు గూర్చుండబెట్టి, వారి తెగువనుబట్టి హంతకు నూహించుటయు నిట్టిదే. పేకాటలో తెగించినవాడెల్ల హంతకుడు కాడు. ఆ హేతువు వ్యభిచరించును. నిలువదగిన సాక్ష్యము గ్రామఫోను ప్లేటొక్కటియే.

యంత్రము క్రొత్తది గదా, దోషము క్షంతవ్యమే యని పూర్వపక్షము. అదే 1929లో ఇంగ్లండున హిచ్‌కాక్ తీసిన 'బ్లాక్‌మెయిల్' దీనికి సమాధానము. అదియు మూకగా మొదలై మాటచిత్రముగా మాఱినదే. అందును హత్య కలదు. నాయిక ఆనీ ఓండ్రా పలుకుబడి చెకోస్లొవేకియాకు చెందినది గావున, జోన్ బారీ అను నటి కెమెరాకు కనబడక ప్రక్కన నిలిచి మాటలు పలుకగా, ఓండ్రా పెదవులు కదపెను. స్వర మెరువుదే, కాని బొమ్మయు పలుకును ఒక్కక్షణముననే పుట్టినవి. కావున ఎరువుస్వరము దోషము గాదు. దానిని పొసగింపకుండుటయే దోషము.

ఈ తత్త్వమునకు విజయనగరము చక్కని యుదాహరణము. అచట 1919లో స్థాపితమై ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులుగా నున్న సంగీతకళాశాలలో శిక్షణ నొందిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, ఆ యూరనే 1935లో జన్మించిన పి. సుశీలగారును తరువాతికాలమున ఎందఱో నటీనటులకు తమ గళము నొసగిరి. నటు నెఱిగి పాడినందున ఆంధ్రప్రేక్షకు డా స్వరమును పరాయిదిగా భావింపలేదు.

మాఱురూపుల కథను నడపుటకును ఆ యూరిలోనే నిదర్శనము కలదు. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1909లో సంస్కరింపబడిన రూపమున ముద్రితమైన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'నందు కరటకశాస్త్రి శిష్యుడు బాలికవేషమున లుబ్ధావధాన్లకు పెండ్లికూతురగును. వాడు మాయమగుటతో లేని పెండ్లికూతురిని చంపినట్లు అవధాన్లపై నేరము పడును. ప్రేక్షకునకు గుట్టంతయు తెలియును, పాత్రలకు తెలియదు. రస మందుండియే పుట్టును. తుదకు పురుషవేషము దాల్చిన మధురవాణియే వచ్చి నిజము వెల్లడించును. వేషముచే గలిగిన చిక్కు వేషముచేతనే వీడును. ఇట్లు రహస్యమును పూర్తిగా దాచుటయో, పూర్తిగా చూపుటయో కావలెను. 'కానరీ' చిత్రమున దాచవలసిన వంచన కథలో దాగినను, దాని తోబుట్టువగు వంచన తెరపై నెల్లరకును కనబడెను.

చిత్రమునకు గుణములు లేకపోలేదు. పవెల్ కంఠము మాటచిత్రమునకై పుట్టినదివలె నుండును. అతడు మఱి మూడు చిత్రములలో వాన్సుగా నటించెను; వానిలో 1933నాటి 'ది కెన్నెల్ మర్డర్ కేస్' ఈ లోపములను దాటి మెప్పు పొందెను. బ్రూక్స్ గతి యట్లు గాలేదు. ఆమె స్వరము మాటచిత్రములకు పనికిరాదను ప్రవాదము వ్యాపించెను. 1931లో ఆమె 'ఇట్ పేస్ టు అడ్వర్టయిజ్', 'గాడ్స్ గిఫ్ట్ టు విమెన్' మొదలగు మాటచిత్రములలో స్వయముగనే పలికెను. ప్రత్యక్ష మిట్లుండగా ప్రవాద మేల నిలువవలెను? అయినను గొప్పపాత్ర లామెకు మఱల దొరకలేదు. 1938తో నటన ముగిసెను.

కథలో వాన్స్ ప్లేటును వినిపించి, విన్న స్వరము కానరీది గాదని నిరూపించెను. తెరపై వినబడిన స్వరము బ్రూక్సుది గాదని ఆనాడు నిరూపించి, ఆమెపై పడిన నిందను మాన్పిన పరిశోధకుడు లేకపోయెను. ఈ చిత్రమునం దన్నిటికంటె పెద్దలోప మదియే.