మదురై సన్యాసి, దోర్నకల్ బిషప్

బయటి నుంచి వచ్చిన మతం ఈ నేల ఆచారాల్లో దేన్ని అక్కున చేర్చుకోవాలి, దేన్ని కాదనాలి? దక్షిణ భారత క్రైస్తవం ఈ ప్రశ్నతో మూడు శతాబ్దాలకు పైగా పెనుగులాడింది. 1606లో మదురై చేరిన ఇటలీ జెస్యూట్ రాబర్టో డి నోబిలి దానికి ఒక జవాబిచ్చారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వేరే జవాబిచ్చారు. ఇద్దరూ తమ విశ్వాసాన్ని వీసమెత్తు సడలించుకోలేదు. ఇద్దరికీ ఇక్కడి జీవన విధానం మీద గౌరవం ఉంది. గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే వేరుపడ్డారు. ఒక ఆచారానికి ఎన్నేళ్ల వయసుందో చూసి దాన్ని గౌరవించలేం. అది మనిషిని నిలబెడుతోందా, తొక్కేస్తోందా అన్నది చూడాలి. ఈ ఇద్దరి చరిత్ర నేర్పే పాఠం అదే.

నోబిలి వచ్చేనాటికే మదురైలో గొన్సాలో ఫెర్నాండెజ్ అనే జెస్యూట్ పదేళ్లుగా పనిచేస్తున్నారు. పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చిన మతమంటే పరంగుల (యూరోపియన్ల) మతమని, అందులో చేరితే కులం పోతుందని అక్కడి అగ్రకులాలు దూరం జరిగాయి. నోబిలి దారి మార్చారు. కాషాయం కట్టి, మాంసం మానేసి, విడిగా కుటీరంలో ఉన్నారు. శివధర్మ అనే పండితుడి దగ్గర సంస్కృతం అభ్యసించారు. జనం భాష తమిళంతో పాటు మదురైని ఏలుతున్న నాయక రాజుల భాష తెలుగునూ నేర్చుకున్నారు. క్రైస్తవంలో చేరినవాళ్లు జంధ్యం, పిలక తీయనక్కర్లేదని, అవి సామాజిక చిహ్నాలే తప్ప విగ్రహారాధన కాదని వాదించారు. సాటి మిషనరీలే ఆయన మీద ఫిర్యాదులు పంపారు. వివాదం గోవా మీదుగా రోముకెక్కి, 1623లో పోప్ 15వ గ్రెగరీ తీర్పుతో తేలింది. మూఢాచారాలతో ముడిపెట్టనంతవరకు జంధ్యం, పిలక, గంధం, స్నానాలు ఉంచుకోవచ్చన్నది ఆ తీర్పు. యూరప్ వేషం వేస్తేనే క్రైస్తవుడన్న భ్రమను ఇంత స్పష్టంగా తోసిపుచ్చడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

అయితే నోబిలి ఒక మెట్టు ఎక్కువే దిగారు. జంధ్యంతో పాటు దాని వెనక ఉన్న కుల దూరాన్ని కూడా లౌకిక మర్యాదగానే లెక్కగట్టారు. అగ్రకులాల గురువుగా ఉండాలంటే అంటరానివారుగా ముద్రపడినవాళ్లకు దూరంగా మసలాల్సి వచ్చింది. 1640 నుంచి బ్రాహ్మణేతర కులాల కోసం పండారస్వాములనే వేరే తరగతి ప్రచారకులు బయల్దేరారు. గ్రెగరీ తీర్పులోనే ఉన్నత కులస్థులు తక్కువవాళ్లను చులకన చేయవద్దన్న వేడికోలు ఉంది, కానీ అది కాగితం దాటలేదు. 1704లో పోప్ ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో జారీచేసిన ఆజ్ఞల్లో ఒకటి దీన్ని కళ్లకు కడుతుంది: జబ్బుపడ్డ పరయల (అంటరానివారుగా ముద్రపడిన కులం) ఇళ్లకు గురువులు వెళ్లి తీరాలి. ఆజ్ఞ వేసి మరీ చెప్పాల్సి వచ్చిందంటే అప్పటిదాకా వెళ్లనివాళ్లు ఉన్నారన్నమాట. చావుబతుకుల్లో ఉన్న విశ్వాసి గడప తొక్కలేని గురువు కాపాడింది సంస్కృతిని అనుకోలేం.

అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు వెళ్ళాళన్‌విళైలో, కుల అవమానాలు ఎరిగిన నాడార్ కుటుంబంలో 1874లో పుట్టారు. తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం తరఫున నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్‌లో ఆయన ఆలోచన రాతిలో కనిపిస్తుంది. పైన గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి, వాటి నడుమ శిలువ ఉంటుంది. అంతకు ముందు శతాబ్దంలోనే పురుషోత్తమ చౌధరి వంటి కవులు క్రైస్తవ భక్తిని తెలుగు కీర్తనల్లోకి తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. పాటను, కట్టడాన్ని, పండుగను చేయిచాచి తీసుకున్న ఆ సంప్రదాయంలోనే ఉంటూ అజరయ్య కులాన్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాలన్నారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ప్రభు భోజనపు బల్ల దగ్గర కులానికో వరస ఉండరాదన్నది ఆయన పట్టు. ఆ రెండు కులాల మధ్య ఎడం ఆయన కాలంలోనే పూర్తిగా చెరిగిపోలేదన్నదీ నిజమే. లక్ష్యం నెరవేరకపోయినా, గీత గీసిన చోటు సరైనదే.

ఇదంతా మతం మార్చే ఎత్తుగడేనని, కాషాయమైనా గుమ్మటమైనా ఎర అని ఒక ఆక్షేపణ ఉంది. ఉద్దేశం దాచిపెడితే అది మోసమే. నోబిలి తాను ఏ దేవుణ్ని నమ్ముతున్నదీ వాదాల్లో బాహాటంగానే చెప్పారు. అజరయ్య మరీ తేటగా మాట్లాడారు. 1930ల్లో దళితుల మతమార్పిడులను గాంధీజీ తప్పుబట్టినప్పుడు, నమ్మినదాన్ని చెప్పే హక్కు, విన్నవాళ్లు ఎంచుకునే హక్కు ఉన్నాయని ఆయన వెనక్కి తగ్గకుండా నిలబడ్డారు. ఎదుటివాడి సంస్కృతిని నిజంగా గౌరవిస్తే మతం మారమని అడుగుతారా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. కానీ సంస్కృతి అందరికీ ఒకే అనుభవం కాదు. ఊరి బావి దగ్గరికి రానివ్వని వ్యవస్థ ఒకడికి వారసత్వమైతే మరొకడికి శిక్ష. శిక్ష అనుభవించేవాడు వేరే దారి ఎంచుకుంటే, వాడి సంస్కృతిని ఇంకొకరు లాగేసుకున్నారనడం వాడి తెలివిని తక్కువ చేయడమే.

ఇక్కడివారికి ఈ గౌరవాన్ని మిషనరీలూ బాకీ ఉన్నారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే చెప్పారు: మీ త్యాగాలను మరువం, కానీ మాకు కావలసింది స్నేహితులు. పాటను, పండుగను, నుడికారాన్ని నెత్తిన పెట్టుకుని, మనిషిని మెట్టు కింద నిలబెట్టే ఏ ఆచారానికైనా అడ్డుచెప్పే ధైర్యం ఉన్నప్పుడే విశ్వాసమూ గౌరవమూ కలిసి నడుస్తాయి. ఆ కొలత మిషనరీకి ఎంత వర్తిస్తుందో, మిషనరీని ప్రశ్నించే మనకూ అంతే వర్తిస్తుంది.