వంటగట్టు స్టిక్కర్ షీటు

పాతబడిన వంటగట్టు మీద అంటించి, అవసరం తీరాక ఊడదీసుకోగల పల్చటి జిగురు పొర. గట్టు మార్పించే వీల్లేని అద్దె ఇళ్లవాళ్లే దీన్ని ఎక్కువగా వాడతారు. చాలా షీట్లు పీవీసీతో తయారవుతాయి. పైన పాలరాయి, గ్రానైట్, చెక్క నమూనాలు అచ్చువేసి ఉంటాయి. అడుగున నొక్కితే పట్టుకునే ఆక్రిలిక్ జిగురు, దాన్ని కప్పుతూ ఒలిచేసే కాగితం ఉంటాయి. రెండడుగుల గట్టుకు 60 సెంటీమీటర్ల వెడల్పు చుట్ట తీసుకుంటే నడిమధ్యన అతుకు రాదు, కానీ అంచు కిందికి మడవడానికి మిగలదు.

అంటించడం కన్నా ముందు శుభ్రం చేయడమే పెద్ద పని. జిడ్డు ఉన్నచోట జిగురు పట్టదు. తెలుగు రాష్ట్రాల పాత ఇళ్లలో గట్టుకు వేసిన కడప రాయి సున్నపురాయి జాతిది. దానిమీద నిమ్మరసమో యాసిడో పోస్తే మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిస్తే చాలు. కాగితాన్ని ఒక్కసారే లాగేయకుండా జానెడు జానెడు ఒలుస్తూ, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. మిగిలిన బుడగను సూదితో పొడవాలి. సింకు అంచున సిలికాన్ పూయకపోతే నీరు దిగి మొదట అక్కడే లేస్తుంది.

పీవీసీ వేడికి ఆగదు. పొయ్యి మీంచి దించిన కుక్కర్ నేరుగా పెడితే షీటు ముడుచుకుపోతుంది, స్టవ్ కింద అసలు వేయకూడదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి మూల నుంచి వాలుగా లాగాలి. ప్యాకెట్ మీద ఏం రాసినా, ఏళ్లు గడిచిన జిగురు అంత తేలిగ్గా వదలదు.