గడ్డి సుపోషణ – ఎదిగే గొర్రెపిల్లల మేత

వరి, గోధుమ, జొన్న వంటి పంటలు నూర్చాక మిగిలే గడ్డిని, చొప్పను పశువులకు బాగా ఒంటబట్టేలా మార్చడాన్ని గడ్డి సుపోషణ అంటారు. తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక సిబ్బంది వాడుకలో ఇది ‘గడ్డిని సుపోషకం చేయడం’. నూరేళ్లకు పైబడిన ఈ ప్రయత్నంలో క్షారాలు, అమోనియా, యూరియా, శిలీంధ్రాలు, ఆవిరి అన్నీ పరీక్షకు వచ్చాయి. వట్టిపోయిన పశువు ఒట్టి గడ్డితో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఎదిగే గొర్రెపిల్ల అలా నెట్టుకురాలేదు. గడ్డిని అరిగేలా చేస్తే సగం పనే అయినట్టని, పిల్లకు కావలసిన మాంసకృత్తులను వేరుగా అందించాలని ఈ ప్రయోగాలు నేర్పాయి.

గడ్డి స్వభావం

గడ్డిలో శక్తికి కొదవలేదు. అందులోని సెల్యులోజ్, హెమిసెల్యులోజ్‌లను నెమరువేసే జంతువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు విడగొట్టగలవు. అయితే లిగ్నిన్ అనే గట్టి పదార్థం వాటిని అల్లుకుని ఉండటంతో సూక్ష్మజీవులకు దారి దొరకదు. వరిగడ్డిలో లిగ్నిన్ కొంత తక్కువే అయినా సిలికా ఎక్కువ. పైగా అందులోని ఆక్జలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. తిన్న గడ్డిలో సగానికి మించి అరగకుండానే బయటికి పోతుంది. గొర్రెపిల్ల పొట్ట చిన్నది. నెమ్మదిగా అరిగే గడ్డితో అది నిండిపోతే పిల్ల ఇంకేమీ తినలేదు, బరువూ పెరగదు.

క్షారాల కాలం

సోడాతో గడ్డిని ఒత్తిడి కింద ఉడకబెట్టే ప్రయోగాలు 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో మొదలయ్యాయి. ఇంధనం, యంత్రాల ఖర్చు వల్ల అవి రైతుదాకా రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగుమతులు ఆగి జర్మనీలో దాణాకు కరువు వచ్చింది. అప్పుడు బెర్లిన్ సమీపంలోని దాలెమ్‌లో కైజర్ విల్‌హెల్మ్ రసాయన సంస్థకు నాయకత్వం వహించిన ఎర్నెస్ట్ బెక్‌మన్ (1853–1923) ఉడకబెట్టే అవసరం లేని పద్ధతిని రూపొందించాడు. గడ్డిని సుమారు 1.5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టి, క్షారం పోయేదాకా నీటితో కడిగేవారు. క్షారం లిగ్నిన్ బంధాలను సడలించడంతో 40–45 శాతం ఉన్న జీర్ణత 70 శాతం దగ్గరికి చేరేది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ రైతులూ దీన్ని వాడారు. నార్వేలో దశాబ్దాల పాటు కొనసాగింది. కానీ కడిగినప్పుడు గడ్డిలోని కరిగే పోషకాలు నీటితో పాటే పోయేవి, ఆ నీరు వాగుల్లోకి చేరి కాలుష్యం కలిగించేది. 1964లో కెనడాకు చెందిన విల్సన్, పిగ్డెన్ గాఢమైన సోడాను కొద్దిపాటి నీటితో చల్లి, కడగకుండానే మేపే పొడి పద్ధతిని ప్రకటించారు. నష్టం తగ్గింది గానీ గడ్డిలో మిగిలిన సోడియం వల్ల పశువులు ఎక్కువ నీళ్లు తాగేవి, వాటి మూత్రంతో నేలలోకి ఉప్పు చేరేది.

అమోనియా నుంచి యూరియాకు

1970లలో నార్వే, కెనడా శాస్త్రవేత్తలు అమోనియా వాయువు వైపు మళ్లారు. ప్లాస్టిక్ పట్టా కప్పిన గడ్డివాములోకి గడ్డి బరువులో సుమారు 3 శాతం అమోనియాను పంపేవారు. అది గడ్డిని మెత్తబరచడమే కాక నత్రజనినీ జోడిస్తుంది. చలిదేశాల్లో దీనికి వారాలు పడుతుంది, వేడి ప్రాంతాల్లో కొన్ని రోజులు చాలు. అమోనియా సిలిండర్లు పల్లెలకు చేరని దేశాల్లో దాని స్థానాన్ని యూరియా తీసుకుంది. తడిసిన గడ్డిలోని యూరియేజ్ ఎంజైము యూరియాను అమోనియాగా మారుస్తుంది. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎం. జి. జాక్సన్ గడ్డి శుద్ధిపై ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు రాసిన గ్రంథం ఈ పరిజ్ఞానాన్ని ఒకచోట చేర్చింది. బంగ్లాదేశ్, శ్రీలంకల్లోనూ 1980లలో విస్తృతంగా ప్రయోగాలు జరిగాయి.

స్థిరపడిన కొలత ఇది: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 40–60 లీటర్ల నీరు. పొరలు పొరలుగా పరచి, ద్రావణం చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి సుమారు 3 వారాలు మాగబెడతారు. మేపే ముందు కాసేపు ఆరబోస్తే అమోనియా ఘాటు తగ్గుతుంది. ఇలా మాగిన వరిగడ్డిలో మాంసకృత్తుల లెక్క దాదాపు రెట్టింపవుతుంది, పశువు తినే మోతాదూ పెరుగుతుంది.

శిలీంధ్రాలు, పెరాక్సైడ్, ఆవిరి

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ యూరియాతో మాగిన గడ్డిపై కోప్రైనస్ శిలీంధ్రాన్ని పెంచే ‘కర్నాల్ పద్ధతి’ని రూపొందించింది. శిలీంధ్రం తన ఎదుగుదలకు గడ్డిలోని శక్తినే ఖర్చు చేయడం ఇలాంటి పద్ధతులన్నిటికీ ఉన్న పరిమితి. 1980లలో అమెరికాలోని ఇలినాయ్‌లో క్షారయుత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గోధుమ గడ్డిని శుద్ధి చేసి గొర్రెలకు మేపారు. జీర్ణత బాగా పెరిగినా రసాయనం ఖరీదు అడ్డొచ్చింది. ఇటీవల జీవఇంధన పరిశ్రమ నుంచి వచ్చిన ఆవిరి విస్ఫోటన పద్ధతిని మేత కోసం పరీక్షిస్తున్నారు.

గొర్రెపిల్లకు ప్రత్యేక అవసరాలు

యూరియా నుంచి వచ్చే నత్రజనిని సూక్ష్మజీవులు మాంసకృత్తులుగా మారుస్తాయి. వేగంగా ఎదిగే పిల్లకు అవి చాలవు. పెద్దపొట్టను దాటి పేగుల్లో అరిగే మాంసకృత్తులు కొంత అందితే గడ్డితోనూ ఎదుగుదల బాగుంటుందని స్కాట్లాండ్‌లోని రోవెట్ సంస్థలో ఓర్‌స్కోవ్, ఆస్ట్రేలియాలో ఆర్. ఎ. లెంగ్ వంటివారి పరిశోధనలు స్పష్టం చేశాయి. చేపపొడి, పత్తిగింజల చెక్క, వేరుశనగ చెక్క ఈ పనికి వస్తాయి. నత్రజని పెంచినప్పుడు గంధకం, ఇతర ఖనిజాలూ తోడవ్వాలి. పెద్దపొట్ట ఇంకా ఎదగని పాలపిల్లలకు యూరియా గడ్డి పెట్టకూడదు. సరిగా కలవని యూరియా ఒకేచోట గడ్డకడితే ప్రాణాపాయం. చక్కెరలు ఎక్కువున్న నాణ్యమైన ఎండుమేతను అమోనియాతో శుద్ధి చేస్తే విషపదార్థాలు పుట్టవచ్చు. తల్లి పాల ద్వారా అవి పిల్లలకూ చేరతాయి.

తెలుగు నేలపై

నెల్లూరు, దక్కనీ గొర్రెలు ప్రధానంగా మేతకు తిరిగేవి. బీళ్లు తగ్గేకొద్దీ కొట్టంలో మేపే పొట్టేళ్ల పెంపకం పెరిగింది, గడ్డి అవసరమూ పెరిగింది. హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల జొన్న చొప్ప, పత్తి కట్టె వంటి పంట వ్యర్థాలను దాణాతో కలిపి సంపూర్ణ మేతగా మార్చే పరిశోధనలు చేసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ కలిసి గింజతో పాటు చొప్ప నాణ్యతనూ చూసి జొన్న రకాలను ఎంపిక చేసే దారి పట్టాయి. పొలంలో ఉండగానే మేలైన మేత తయారైతే రైతుకు రసాయనాల ఖర్చు తప్పుతుంది.

యూరియా పద్ధతిని దశాబ్దాలుగా ప్రచారం చేసినా ఎక్కువమంది రైతులు చేపట్టలేదు. పట్టా, నీరు, కూలి ఖర్చు చేశాక చేతికొచ్చే లాభం చిన్న మందలకు కనిపించకపోవడం ఇందుకు ముఖ్య కారణం. మరోవైపు కోత యంత్రాలు వదిలిన వరిగడ్డిని పొలాల్లోనే తగలబెడుతున్నారు. ఆ గడ్డిని పోగుచేయడానికి ఒక ఏర్పాటు, తోడుగా గుప్పెడు చెక్క, కొంత పచ్చిమేత ఉంటే, మంటల పాలయ్యే గడ్డి గొర్రెపిల్లల మేతలో కొంత భాగమైనా కాగలదు.