పెన్నీల సామెత - అంచు తెగిన నాణెం

పొదుపును గురించి ఆంగ్లేయులు చెప్పుకొనే నుడులలో చాలా భాగం పెన్నీ చుట్టూ తిరుగుతాయి. మిగిల్చిన పెన్నీ సంపాదించిన పెన్నీయే అంటారు. చిల్లర దగ్గర పిసినారితనమూ, పెద్ద మొత్తం దగ్గర అవివేకమూ చూపేవాణ్ణి 'పెన్నీ వైజ్, పౌండ్ ఫూలిష్' అని ఎత్తిపొడుస్తారు. అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది మరొకటి: పెన్నీలను నీవు కనిపెట్టుకొని ఉంటే, పౌండ్లు తమను తామే కనిపెట్టుకొంటాయట!

1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతి వచ్చేవరకు అక్కడ 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. ఆ దూరం తెలిస్తేగాని సామెతలోని బిగువు తెలియదు. మనకు 1957 ఏప్రిల్ 1తో అణాల లెక్క పోయినా 'పదహారణాల తెలుగు' నిలిచినట్లే, వారికీ లెక్క మారినా నుడి మిగిలింది.

చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కుమారునికి వ్రాసిన లేఖలు ఆయన మరణానంతరం 1774లో అచ్చయ్యాయి. వాటిలో ఈ మాట విలియం లౌండ్స్‌దని చెప్పాడు. లౌండ్స్ 1695 నుండి 1724లో మరణించేవరకు ఖజానా కార్యదర్శి. ఆయన ఈ సూత్రాన్ని ఆచరించి మనుమలకు దండిగా ఆస్తి విడిచిపోయాడని ప్రభువు మెచ్చుకొన్నాడు. దానినే కాలానికి అన్వయించి, నిమిషాలను వృథా చేయవద్దని కొడుకుకు బోధించాడు.

అయితే లౌండ్స్ పదవిలోకి వచ్చేనాటికి పౌండు స్థితి ఏమిటి? సుత్తితో కొట్టి చేసిన పాత వెండి నాణేల అంచులు సమంగా ఉండేవి కావు. కొందరు ఆ అంచులు కత్తిరించి, వెండిని కరిగించి అమ్ముకొనేవారు. పట్టుబడితే మరణదండన. అయినా ఆగలేదు. 1695లో ఖజానాకు చేరిన నాణేలను తూచి చూస్తే, ఉండవలసిన బరువులో ఇంచుమించు సగమే ఉంది.

కొత్త నాణేలలో వెండిని అయిదో వంతు తగ్గిద్దామని లౌండ్స్ నివేదిక ఇచ్చాడు. తత్త్వవేత్త జాన్ లాక్ అడ్డుపడ్డాడు. పౌండు అంటే ఇంత తూకం వెండి అని నమ్మి అప్పిచ్చినవానికి తక్కువ వెండి చెల్లించడం మోసమేనని ఆయన వాదం. పార్లమెంటు లాక్ మాటే విన్నది. 1696లో పాత నాణేలను కరిగించి, పూర్తి తూకంతో తిరిగి ముద్రించారు. ఐజాక్ న్యూటన్ టంకశాలకు అధికారిగా వచ్చింది ఆ సంవత్సరమే.

న్యాయం లాక్ పక్షాన ఉన్నట్లే కనబడుతుంది. కాని నష్టం ఎవరిది? ప్రభుత్వానికి పన్ను కట్టేవారు, అప్పిచ్చేవారు గడువులోగా తమ అంచు తెగిన నాణేలను ముఖవిలువకే వదిలించుకొన్నారు. ఆ దారి లేని పేదవాని చేతిలో మిగిలినది వెండి తూకానికే చెల్లింది. పైగా కొత్త నాణేలు చాలక ఆ వేసవిలో చిల్లరకు కరువు వచ్చింది. ఖజానా నష్టం పూడ్చడానికి ఇళ్ళ కిటికీలు లెక్కపెట్టి పన్ను వేశారు. ఆ కిటికీ పన్ను 1851 వరకు సాగింది.

కనుక పౌండ్లు తమను తాము కనిపెట్టుకోలేవని అందరికంటె బాగా తెలిసినవాడు లౌండ్సే! పెన్నీని దాచుకోవడం గృహస్థుని వంతు. దాచిన నాణెం విలువ కరగకుండా చూడడం పాలకుని వంతు. సామెత మొదటి సగాన్ని ఇంటింటికీ బోధించి, రెండవ సగాన్ని ఎవరి బాధ్యతా కానట్లు వదిలేసింది.

1865లో వెలువడిన 'ఆలిస్' కథలో లూయీ కారల్ ఈ సామెతను చమత్కారంగా మెలిపెట్టాడు. 'పెన్స్' స్థానంలో 'సెన్స్', 'పౌండ్స్' స్థానంలో 'సౌండ్స్' పెట్టి డచెస్ చేత పలికించాడు. డబ్బు సామెత కాస్తా శబ్దార్థాల సామెత అయింది. ఆంగ్లంలో దానికి ప్రాస కావలసివచ్చింది. మనకు ఆ అవసరమే లేదు. 'అర్థం' అంటే భావమూ అవుతుంది, ధనమూ అవుతుంది. రెండింటికీ ఒకటే ప్రమాదం: పైన ముద్ర అలాగే ఉంటుంది, లోపల తూకం తగ్గిపోతుంది.