ధర్మాసుపత్రి నుంచి చట్టసభ దాకా

మన చరిత్ర సిరీస్‌లో ఇది 17వ భాగం. ఈసారి కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మీ ఎమ్మెల్యే చేత కూడా చదివించండి, ఎందుకంటే ఇది రాస్తున్నది వాళ్ళ కోసమే.

ఎమ్మెల్యేల పేజీల్లో వారానికి ఒకసారైనా ఒక ఫొటో వస్తుంది. మధ్యలో ఎమ్మెల్యే గారు, అటూ ఇటూ మండల నాయకులు, ముందు సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు పట్టుకుని నిలబడ్డ మనుషులు. కింద వాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఎంత వచ్చిందో, ఒక్కోసారి జబ్బు పేరుతో సహా ఉంటాయి. ఫలానా ఆమెకు గర్భసంచి తీశారని ఊరంతా చదువుకోవచ్చు. ఆ చెక్కు వాళ్ళు అప్పటికే ఆసుపత్రికి కట్టేసిన డబ్బులో ఒక ముక్క. మిగతాది వడ్డీకి తెచ్చింది. వడ్డీ ఫొటోలో పడదు.

ఆ ఫొటో వెనకాల ఒక మాట ఉంది. మా నాయనమ్మ సర్కారు ఆసుపత్రిని జీవితాంతం ‘ధర్మాసుపత్రి’ అనే అంది. గుంటూరు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. తెలంగాణలో సర్కారు దవాఖాన అంటారు, అది కొంత నయం, ఎవరిదో చెబుతుంది. ధర్మాసుపత్రిలో ధర్మం అంటే న్యాయం కాదు, ‘ధర్మం చెయ్యి బాబూ’లో ఉన్న ధర్మం. పన్ను కట్టిన మనిషి, ఆ ఆసుపత్రి గోడకు ఇటుకలు మోసిన మనిషి, లోపలికి వెళ్ళేసరికి చెయ్యి చాచినవాడు అవుతాడు. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఇంకో మాట కూడా చెప్పి వదిలేస్తాను. ‘బీమా’ మనకు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దాని మూలంలో ఉన్న ‘బీమ్’ అంటే భయం. రేపటి భయాన్ని పదిమంది కలిసి పంచుకోవడం అన్నమాట. ధర్మంలో ఒకడి చెయ్యి పైన, ఇంకొకడిది కింద. బీమాలో ఆ పైనా కిందా ఉండకూడదు.

ఇక చరిత్రలోకి వద్దాం.

1928లో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ ఆడ కూలీల ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద చర్చ జరిగింది. బాబాసాహెబ్ అప్పుడు సభ్యుడు, వయసు 37. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, అందువల్ల ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలి అన్నది ఆయన వాదన. ప్రభుత్వం మోయనంత కాలం యజమాని మోయడం న్యాయమే అన్నాడు. పాపం పేద తల్లులు అంటూ మాట్లాడలేదు. జబ్బు, కాన్పు ఒక ఇంటి సొంత గోల కాదని, సమాజం లెక్కలోకి రావాలని ఒక శాసనసభ్యుడిగా నిలబడి అడిగాడు. మరుసటి ఏడాది ఆ చట్టం వచ్చింది. కానీ ఫ్యాక్టరీ వరకే.

1942లో ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడయ్యాడు. 1943లో పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా ఎలా ఉండాలో చెప్పమని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను ఆ శాఖ నియమించింది. 1944లో నివేదిక వచ్చింది. మన దేశంలో ఆరోగ్య బీమాకు అసలైన నకలు అదే. ఈఎస్‌ఐ చట్టంగా అది 1948 ఏప్రిల్‌లో పార్లమెంటు గడప దాటేసరికి కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. అంటే ఈ దేశపు మొదటి ఆరోగ్య బీమా చట్టం ఇద్దరు దళిత మంత్రుల చేతుల మీదుగా వచ్చింది. మన పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ ఈ ముక్క చెప్పదు. కార్మిక మంత్రి అంబేడ్కర్ అంటే, రాజ్యాంగం చూపించి అక్కడే పుస్తకం మూసేస్తారు.

అదే సమయంలో ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని పునాది. పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచన అక్కడిదే. బ్రిటన్ 1948 జూలైలో తన మనుషులందరికీ ఒకే ఆరోగ్య సేవ తెరిచింది. అదే ఏడాది మనం తెచ్చుకున్న చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది.

ఆ గేటు బయట ఎవరున్నారు? నాట్లేసే ఆడవాళ్ళు. మిరపకాయలు కోసేవాళ్ళు. చెప్పులు కుట్టేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, ఊరి మురికి ఎత్తేవాళ్ళు. జీతం రశీదు ఉన్నవాడికి బీమా, రోజుకూలికి ధర్మాసుపత్రి. చట్టంలో కులం పేరు ఎక్కడా రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. ఈ దేశంలో ఎవరు ఏ పని చేస్తారో రాసిపెట్టినట్టే ఉంటుంది కాబట్టి గీత పని మీద గీసినా పడేది వాడ మీదే. ఈఎస్‌ఐ వేతన పరిమితిని 2017లో 21,000 రూపాయలకు పెంచినప్పుడు కూడా ఆ గీత పొడవు పెరిగింది గానీ పొలం వైపు తిరగలేదు.

గేటు బయటి మనిషికి ఏమవుతుందో సుప్రీంకోర్టు రికార్డులోనే ఉంది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ఒక ప్రాథమిక కేంద్రం నుంచి మొదలుపెట్టి కలకత్తా పెద్దాసుపత్రుల దాకా ప్రభుత్వ ఆసుపత్రులన్నీ తిప్పారు. ఒకచోట సౌకర్యం లేదు, ఒకచోట మంచం లేదు. చివరికి ప్రైవేటులో దాదాపు 17,000 అయింది. అతని కూలీ సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, కోర్టుకెక్కింది. ప్రాణం నిలిపే వైద్యం సకాలంలో ఇవ్వకపోతే అది 21వ అధికరణ ఉల్లంఘనేనని, డబ్బు లేదని రాజ్యం తప్పించుకోలేదని 1996లో తీర్పు వచ్చింది. గమనించండి, కోర్టుకెక్కింది ఒక కూలీ సంఘం.

మన దగ్గరికొస్తే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మూడూ వలసకు పేరున్న జిల్లాలే. అంతకుముందు గుండె ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం, ముఖ్యమంత్రి సహాయ నిధి, కాళ్ళరిగేలా తిరగడం. తెల్ల రేషన్ కార్డు ఆ ఉత్తరం స్థానంలోకి వచ్చింది. మన వాడల్లో దాన్ని పట్టుకుని బతికిన మనుషులు ఉన్నారు, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మాట్లాడేవాళ్ళలో ఎక్కువమందికి ఆ కార్డు అవసరం ఎప్పుడూ పడలేదు.

అయితే అది ఆపరేషన్ బల్ల దగ్గర మొదలవుతుంది. సుగర్ బిళ్ళలు, బీపీ బిళ్ళలు, జ్వరానికి చేసే రక్తపరీక్ష, దగ్గు తగ్గక తీసే ఎక్స్‌రే దాని లెక్కలోకి రావు. సుగర్‌కు నెలనెలా మందు దొరకని మనిషికి కిడ్నీ పోయాక డయాలసిస్ ఉచితం! కాలు కుళ్ళాక తీసేయడం ఉచితం! దేశంలో వైద్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబు నుంచే పోతోందని 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కలు చెప్పాయి. అందులో మందులది పెద్ద వాటా.

ప్యాకేజీకి డబ్బు కట్టే పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది, అది మన ఆడవాళ్ళ ఒంటి మీదే జరిగింది. కడుపునొప్పి అని వెళ్ళిన కూలీ తల్లులకు, ముప్పై ముప్పై అయిదేళ్ళకే, అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న గొడవ లేచాక ఆ ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీలో ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. కాబట్టి కార్డు మీద అంకె పెరిగితే చాలదు. 2 లక్షలతో మొదలైంది 2023 డిసెంబరుకు తెలంగాణలో 10 లక్షలు, ఆంధ్రలో 25 లక్షలు అయింది. ఎన్నికల సభలో బాగా వినిపించే అంకెలు. నాట్లు మానుకుని పీహెచ్‌సీకి వెళ్ళిన రోజు అక్కడ డాక్టరు, మందు ఉంటాయా లేదా అన్నది ఆ అంకెలో లేదు.

నాకు ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది. ఎమ్మెల్యేలకు, మాజీలకు కూడా వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ ఉంది. మనం వాడుకున్నప్పుడు ఎవరూ ఫొటో తీయరు. మా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి వాళ్ళమ్మ మందుల కోసం నెలకు పది రోజులు పత్తి తీయడానికి పోతుంది. ఆమెకు నాకున్నది ఎందుకు లేదో నేను హాజరు పట్టీలో రాయలేను.

ఎమ్మెల్యే గారూ, అన్నీ ఢిల్లీ చేతిలో ఉన్నాయని మాత్రం చెప్పకండి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. సామాజిక బీమా ఉమ్మడి జాబితాలో 23వ అంశం. రాజస్థాన్ శాసనసభ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు రెండు వారాలు సమ్మె చేశారు, అయినా సభ చట్టం చేయగలదని తేలింది. చట్టం చేసి నిబంధనలు రాయకుండా నాన్చితే ఏమవుతుందో కూడా అక్కడే నేర్చుకోవచ్చు.

మీ సభల్లో ఆంధ్రలో 29, తెలంగాణలో 19 సీట్లు ఎస్సీ రిజర్వుడు. ఆ 48 మందిని పేరుపేరునా అడుగుతున్నాను, మిగతావాళ్ళను కూడా. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. కార్డు రంగు చూడకుండా రాష్ట్రంలో ఉండే ప్రతి మనిషికీ, వలస కూలీతో సహా, వర్తించాలి. ఓపీ, మందులు, పరీక్షలు అందులో ఉండాలి. డబ్బు ముందు ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి, ప్రైవేటుకు వెళ్ళే ప్రతి రూపాయికీ ఆడిట్ గ్రామసభకు రావాలి. వైద్యం నిరాకరిస్తే ఎవరి మీద, ఎన్ని రోజుల్లో చర్య అన్నది చట్టంలోనే రాయాలి. ముఖ్యమంత్రి మారితే పేరు మారే పథకం మాకొద్దు.

మిత్రులారా, మీ ఎమ్మెల్యేను ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: ఆ బిల్లు మీద సంతకం పెడతారా, పెట్టరా? జవాబు తేదీతో సహా దాచుకోండి.

వచ్చే భాగం మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల ఈఎస్‌ఐ గురించి. కాంట్రాక్టరు జీతంలో కోసేదెంత, నిజంగా కట్టేదెంత. పే స్లిప్పులు ఉన్న అన్నలు, అక్కలు పారేయకుండా తీసి పెట్టండి.

జై భీమ్.