బీరు మరిగించే పాత్ర

బీరు మరిగించే పాత్ర లేదా బ్రూ కెటిల్ అనేది ఇంటివద్ద బీరు తయారు చేసేవారు వర్ట్‌ను మరిగించడానికి ఉపయోగించే పెద్ద లోహపు పాత్ర. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్టు అంటారు. దానిని దంచి, వేడి నీటిలో నానబెట్టి, వడగట్టగా వచ్చే తియ్యని ద్రవమే వర్ట్. దీనిని హాప్స్ పువ్వులతో కలిపి మరిగించి, చల్లార్చి, ఈస్టు చేర్చితే కిణ్వనం జరిగి బీరు తయారవుతుంది. ఈ పాత్ర నిలువు గోడలు గల పెద్ద తపేలా వలె ఉంటుంది. పూర్వం రాగితో చేసినందువలన బ్రిటన్‌లో దీనికి "కాపర్" అనే పేరు వచ్చింది. ఉక్కు పాత్రలు వచ్చిన తరువాత కూడా ఆ పేరు నిలిచి ఉన్నది.

చట్టపరమైన నేపథ్యం

బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాయడానికి లైసెన్సు అవసరాన్ని 1963లో తొలగించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టం సొంత వాడుక కొరకు కాచిన బీరుపై సమాఖ్య పన్నును తొలగించింది. ఇద్దరు లేదా అంతకు మించి వయోజనులు ఉన్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల (సుమారు 757 లీటర్లు) పరిమితి ఉన్నది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో మాత్రమే దీనిని అనుమతించాయి. భారతదేశంలో మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. తెలంగాణలో కూడా ఇదే చట్టం వర్తిస్తుంది.

మరిగించడం ఎందుకు

సాధారణంగా వర్ట్‌ను 60 నుండి 90 నిమిషాలు మరిగిస్తారు. ఇందువలన సూక్ష్మజీవులు నశిస్తాయి. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు రూపాంతరం చెంది చేదునిస్తాయి. మాంసకృత్తులు గడ్డకట్టి అడుగుకు చేరతాయి. మాల్టు నుండి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు ఆవిరితో పాటు బయటకు పోతుంది. మూత పూర్తిగా పెడితే ఈ వాయువు నీటి బిందువులతో కలిసి తిరిగి పాత్రలోనే పడి, బీరుకు ఉడికించిన మొక్కజొన్న వాసన తెస్తుంది. అందువలన మరిగేటప్పుడు మూత తీసి ఉంచాలి. లేత రంగు పిల్స్‌నర్ మాల్టులో ఈ వాయువుకు మూలమైన పదార్థం ఎక్కువ కాబట్టి దానిని 90 నిమిషాలు మరిగించడం వాడుక.

పరిమాణం

పాత్ర ఎంపికలో అన్నిటికంటే ముఖ్యమైనది పరిమాణం. కొత్తవారు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే. 19 లీటర్ల (5 అమెరికన్ గాలన్లు) బీరు కావాలంటే 19 లీటర్ల పాత్ర చాలదు. లెక్క ఈ విధంగా ఉంటుంది:
* కిణ్వన పాత్రలోకి చేరవలసిన వర్ట్ - 19 లీటర్లు
* అడుగున మిగిలే మడ్డి - సుమారు 2 లీటర్లు
* వేడికి కలిగే వ్యాకోచం (సుమారు 4 శాతం) - 1 లీటరు
* గంటలో ఆవిరయ్యేది - సుమారు 4 లీటర్లు

అనగా మరిగించడం మొదలుపెట్టే సమయానికి పాత్రలో 26 లీటర్లు ఉండాలి. ఆపైన నురుగు పొంగడానికి ఖాళీ కావాలి. అందువలన ఈ మోతాదుకు 38 లీటర్ల (10 గాలన్లు) పాత్రను ఎంచుకుంటారు. మాల్టు సారంతో బీరు చేసేవారు కొంత భాగాన్నే మరిగించి తరువాత చల్లటి నీరు కలుపుతారు. అటువంటివారికి 15 నుండి 20 లీటర్ల పాత్ర సరిపోతుంది. ఎత్తు వ్యాసం కంటే కొంచెం ఎక్కువగా ఉన్న పాత్ర అనుకూలమైనది. మరీ వెడల్పైన పాత్రలో నీరు త్వరగా ఆవిరైపోతుంది.

లోహాలు

* స్టెయిన్‌లెస్ స్టీలు: 304 రకం ఎక్కువగా వాడుకలో ఉన్నది. గట్టిది, శుభ్రపరచడం తేలిక. ఉష్ణవాహకత తక్కువ కావడంతో పలుచని అడుగు గల పాత్రలో వర్ట్ మాడే అవకాశం ఉన్నది. అడుగున అల్యూమినియం పొర పొదిగిన పాత్రలలో ఈ లోపం తగ్గుతుంది. క్లోరిన్ బ్లీచింగు ద్రావణం దీనికి హాని చేస్తుంది.
* అల్యూమినియం: తేలికైనది, చవకైనది. వేడిని స్టీలు కంటే పదిరెట్లకు పైగా బాగా ప్రసరింపజేస్తుంది. మొదటిసారి వాడే ముందు మంచినీటిని మరిగిస్తే లోపల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఈ పొరను గీకి తీయరాదు. కాస్టిక్ సోడాతో కడగరాదు.
* రాగి: ఉష్ణవాహకత అత్యధికం. ధర ఎక్కువ. శుభ్రంగా ఉంచకపోతే చిలుము పడుతుంది.
* ఎనామెల్ పూత పాత్రలు: చవకైనవి. పూత పెచ్చులూడితే తుప్పు పట్టి బీరుకు ఇనుప రుచి వస్తుంది.

కొందరు 58 లీటర్ల ఉక్కు బీరు పీపాల పైభాగాన్ని కోసి పాత్రగా మార్చుకుంటారు. అయితే డిపాజిట్టు చెల్లించి తెచ్చిన పీపా బీరు కంపెనీ సొత్తుగానే ఉంటుంది. కనుక అమ్మకానికి పెట్టిన పీపాలనే వాడాలి.

అమరిక

అడుగుభాగంలో బాల్ వాల్వు కుళాయి, లోపల అడుగు వరకు వంగిన గొట్టం, పక్కన ఉష్ణమాపకం అమర్చుతారు. 26 లీటర్ల వర్ట్ బరువు పాత్ర కాకుండానే సుమారు 27 కిలోలు ఉంటుంది. మరుగుతున్న పాత్రను ఎత్తి వంచడం ప్రాణాపాయం కావచ్చు. కుళాయి ఉంటే ఎత్తే అవసరమే రాదు. బిగించిన తరువాత ముందుగా నీటితో కారుదలను పరీక్షించాలి. కొలిచిన నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ, ఒక కర్రపై లీటర్ల గుర్తులు పెట్టుకోవాలి. అదే నీటిని గంటసేపు మరిగించి తరుగును కొలిస్తే ఆ పాత్రకు, ఆ పొయ్యికి సరిపోయే ఆవిరి లెక్క తెలుస్తుంది. కుళాయిలో వర్ట్ మిగిలిపోతే సూక్ష్మజీవులు చేరతాయి కాబట్టి దానిని తరచు విప్పి కడగాలి.

వేడిచేసే సాధనం

ఇంటి గ్యాసు పొయ్యి ఇంత ద్రవాన్ని బలంగా మరిగించడానికి సాధారణంగా చాలదు. ప్రొపేన్ బర్నరును ఆరుబయట, సమతలమైన, మంట అంటుకోని నేలపై మాత్రమే ఉంచాలి. మూసిన గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ చేరి మరణం సంభవించవచ్చు. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. అమెరికాలో కొందరు 240 వోల్టుల 5,500 వాట్ల విద్యుత్ ఎలిమెంటును వాడతారు. దీనికి ఎర్తింగు, విద్యుత్ లీకు అయినప్పుడు సరఫరాను ఆపివేసే బ్రేకరు తప్పనిసరి. ఎలిమెంటు ద్రవంలో పూర్తిగా మునిగిన తరువాతే స్విచ్చి వేయాలి.

పొంగు

మరగడం మొదలైన తొలి నిమిషాలలో మాంసకృత్తుల వలన వర్ట్ పాలవలె ఒక్కసారిగా పొంగుతుంది. హాప్స్ వేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పంచదార కలిసిన ఈ ద్రవం చర్మానికి అంటుకొని తీవ్రంగా కాలుస్తుంది. నురుగు అణగే వరకు పాత్ర దగ్గర నుండి కదలరాదు. మంట తగ్గించడం, గరిటెతో కలపడం, చల్లటి నీరు చిలకరించడం దీనికి ఉపాయాలు. పిల్లలను దూరంగా ఉంచాలి.

చల్లార్చడం

మరిగించడం ముగియడానికి 10 నుండి 15 నిమిషాల ముందు రాగి గొట్టపు చుట్టను పాత్రలో ముంచుతారు. ఆ వేడికి చుట్టపై ఉన్న సూక్ష్మజీవులు నశిస్తాయి. మంట ఆపిన తరువాత చుట్టలో చల్లటి నీటిని ప్రవహింపజేసి వర్ట్‌ను సుమారు 20 డిగ్రీల సెల్సియస్‌కు దించి, ఈస్టు చేర్చుతారు. వేడి వర్ట్‌లో వేస్తే ఈస్టు చనిపోతుంది.

ఇవి కూడా చూడండి
* బీరు
* బార్లీ
* కిణ్వనం
* ఈస్టు