బొమ్మ ముందా, కథ ముందా? తేదీలు చెప్పే సాక్ష్యం

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో థియేటర్ గేటు దగ్గర "బొమ్మ పడిందా?" అని ఎవరైనా అడిగితే ఆట మొదలైందా అని అర్థం. అదే 'బొమ్మ' సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో పిల్లవాడి నోట వస్తే ప్లాస్టిక్ కారో, కీ ఇస్తే నడిచే రోబోనో అడుగుతున్నాడని అర్థం. తెరమీది బొమ్మకూ చేతిలోని బొమ్మకూ తెలుగులో మాట ఒక్కటే. ఆ రెండింటి మధ్య వ్యాపార బంధం ఎంత, చేతిలోని బొమ్మ తెరమీది కథను మార్చగలిగిందా అన్నవి ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్నలు.

భారీ సైన్స్ ఫిక్షన్ చిత్రాల గురించి "ఇదంతా బొమ్మలు అమ్ముకోవడానికే" అన్న మాట తరచుగా వినబడుతుంది. అది కొన్నిచోట్ల నిజం కావచ్చు. అయితే ఈ ఆరోపణకు చూపే సాక్ష్యాలన్నీ ఒకే బరువు కలవి కావు. నిర్ణయంలో పాలుపంచుకున్న వ్యక్తి స్వయంగా చెప్పిన మాట ఒక రకం. ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే తేదీలు రెండో రకం. పాత్ర రూపం చూసి "ఇది బొమ్మలాగే ఉంది" అనుకోవడం మూడో రకం. మూడోది అన్నిటికంటే బలహీనం. దురదృష్టవశాత్తు ఎక్కువగా వాడుకలో ఉన్నదీ అదే.

1. మొదట 'స్టార్ వార్స్'. 1977 మే 25న అమెరికాలో విడుదలైన ఈ చిత్రానికి సంబంధించి దర్శకుడు జార్జ్ లూకాస్ బొమ్మలు తదితర వస్తువుల హక్కులను తన దగ్గరే ఉంచుకున్నారు. దీనిని బట్టి ఆయన మొదటినుంచీ బొమ్మల కోసమే కథ అల్లారని అనేవారున్నారు. తేదీలు మాత్రం ఆ వాదానికి తోడు రావు. హక్కులు తీసుకున్న కెన్నర్ కంపెనీ ఆ ఏడాది క్రిస్మస్ నాటికి కూడా బొమ్మలు తయారు చేయలేకపోయింది. బొమ్మలకు బదులు ఒక ధ్రువపత్రం పెట్టిన ఖాళీ అట్టపెట్టె అమ్మి, 1978లో నాలుగు బొమ్మలు ఇంటికి పంపింది. సినిమా ఆడుతున్నా బొమ్మల అచ్చులు సిద్ధం కాలేదంటే, ఆ అచ్చుల కోసం మొదటి కథను మలిచారనడం కష్టం. హక్కులు ఉంచుకోవడం వ్యాపార దృష్టికి నిదర్శనమే కాని కథ మారిందనడానికి నిదర్శనం కాదు.

2. మూడో చిత్రం 'రిటర్న్ ఆఫ్ ది జెడై' (1983) విషయం ఇంత తేలిక కాదు. ఇక్కడ కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. మొదటి రెండు చిత్రాల నిర్మాత గ్యారీ కర్ట్జ్ 2010లో లాస్ ఏంజిలిస్ టైమ్స్‌తో మాట్లాడుతూ, తొలి ఆలోచనలో కథానాయకుల్లో ఒకడైన హాన్ సోలో మరణం ఉందని, బొమ్మల వ్యాపారం పెరిగాక అది పక్కకు పోయిందని చెప్పారు. ఆ పాత్రధారి హారిసన్ ఫోర్డ్ కూడా ఇలాంటి అభిప్రాయమే వెలిబుచ్చారు. ఇద్దరూ లోపలివారే కాబట్టి ఈ మాటలను తోసిపుచ్చలేం.

అయినా ఈ సాక్ష్యాన్ని మూడు కారణాల వల్ల కొంత తగ్గించి తీసుకోవలసి ఉంటుంది. (అ) కర్ట్జ్ ఈ మూడో చిత్రానికి పనిచేయలేదు. దాని నిర్మాత హోవర్డ్ కజాన్‌జియన్. కాబట్టి కర్ట్జ్ మాట తొలి ఆలోచనలకు సాక్ష్యం కాగలదు గాని, తుది నిర్ణయం జరిగిన గదికి కాదు. (ఆ) ఆయన ఈ మాట చెప్పింది సినిమా వచ్చిన 27 ఏళ్లకు, లూకాస్‌తో దారులు వేరైన తర్వాత. (ఇ) మరణించిన పాత్రల బొమ్మలు అమ్ముడుపోవన్న సూత్రమే నిలబడదు. ఓబీ-వాన్ కెనోబీ మొదటి సినిమాలోనే మరణించాడు, డార్త్ వేడర్ ఈ మూడో సినిమాలోనే మరణించాడు. ఇద్దరి బొమ్మలూ అమ్ముడుపోతూనే వచ్చాయి.

అదే చిత్రంలోని ఈవాక్‌ల సంగతి మరింత ఆసక్తికరం. ఎలుగుబంటి పిల్లల్లా మెత్తగా ఉండే ఈ అడవి జీవులను బొమ్మల కోసమే పుట్టించారన్నది బాగా ప్రచారంలో ఉన్న అభిప్రాయం. లూకాస్ వివరణ వేరు. యంత్రాలు తెలియని ఆటవికులు ఒక సామ్రాజ్యాన్ని ఓడించడం తన పాత ఆలోచననీ, ఆ స్థానం మొదట వూకీలదనీ, అప్పటికే వూకీ జాతివాడైన చ్యూబాకా అంతరిక్ష నౌకలు నడిపేవాడిగా స్థిరపడినందువల్ల కొత్త జాతి అవసరమైందనీ ఆయన చెప్పారు. ఈ వివరణ నమ్మదగినదే. అయితే అది ఆటవికులు ఎందుకు వచ్చారో చెబుతుంది. వారు అంత ముద్దుగా ఎందుకున్నారో చెప్పదు. పైగా 'ఈవాక్' అనే పేరు సినిమా సంభాషణల్లో ఒక్కసారి కూడా వినిపించదు. ఆ పేరు పిల్లలకు చేరిన దారుల్లో బొమ్మ అట్టపెట్టె ఒకటి. కథ పలకని పేరును పెట్టె పలికిందన్న ఈ చిన్న వివరం, రూపం చూసి చేసే పది ఊహల కంటే విలువైనది. అప్పుడు కూడా తేలేది రెండూ కలిసి నడిచాయనే గాని, ఒకటి మరొకదానిని నడిపించిందని కాదు.

3. దీనికి భిన్నంగా, దాదాపు సందేహం లేని ఉదాహరణ ఒకటుంది. 1986 ఆగస్టు 8న వచ్చిన 'ది ట్రాన్స్‌ఫార్మర్స్: ది మూవీ'లో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ మరణిస్తాడు. 1984 నాటి బొమ్మలు తప్పుకుని కొత్తవి రావాలి గనుక ఆ మరణం రాయవలసి వచ్చిందని ఆ సినిమాకు పనిచేసిన రచయితలే తర్వాత చెప్పారు. అక్కడ బొమ్మల కంపెనీయే కథకు యజమాని. థియేటర్లలో పిల్లలు కంటతడి పెట్టారు. 1987లో ఆప్టిమస్‌ను టీవీలో తిరిగి బతికించారు. అదే ఏడాది వచ్చిన 'జి.ఐ. జో' చిత్రంలో డ్యూక్ అనే పాత్ర మరణాన్ని స్పృహ తప్పడంగా మార్చి మాటలు అతికించారు. ఒక మరణాన్ని బొమ్మలు కోరాయి. దాని దుఃఖం ఇంకో మరణాన్ని ఆపింది.

'ఐరన్ మ్యాన్ 3' (2013) మన ప్రాంతానికీ తెలుగు డబ్బింగ్‌తో వచ్చిన చిత్రం. ఇందులో అసలు ప్రతినాయిక ఒక స్త్రీ అనీ, స్త్రీ పాత్ర బొమ్మ అంతగా అమ్ముడుపోదన్న లెక్కతో పైనుంచి వచ్చిన ఆదేశం వల్ల మార్చామనీ దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో చెప్పారు. తన పాత్ర మధ్యలో మారిపోయిందని నటి రెబెక్కా హాల్ కూడా అన్నారు. ఆ ఆదేశపత్రం బయటికి రాలేదు; అయినా పాలుపంచుకున్న ఇద్దరి మాటలు ఒకే దిక్కు చూపుతున్నాయి. ఇప్పటివరకు చూసినవాటిలో మనసును బాధించేది ఇదే. ఆడపిల్లలు చూడగలిగిన ఒక పాత్ర అమ్మకాల అంచనా దగ్గరే ఆగిపోయింది.

4. ఇక తెలుగు సంగతి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లోని కాలయంత్రం ఆనాటి పిల్లలను ఊరించిన వస్తువు. అయినా అది కథలో ఒక ద్వారంగానే ఉండిపోయింది. అదే సింగీతం మార్గదర్శకుడిగా ఉన్న 'కల్కి 2898 ఏడీ'లో వాహనం పాత్ర అయింది. పిల్లలను పిలుచుకునే 'బుజ్జి' అనే ముద్దుపేరు, కీర్తి సురేశ్ గొంతు, నాయకుడు భైరవతో వాదించే నోరు దానికి ఉన్నాయి. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో దానిని ప్రజలకు చూపించారు. మే 31న 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. బుజ్జి బొమ్మలు, స్టిక్కర్లు ఉన్న కానుకలు పిల్లలకు అందినట్లు పత్రికలు రాశాయి. జూన్ 27న సినిమా విడుదలైంది.

పై వరుస చూసినవారికి బుజ్జి బొమ్మల కోసమే పుట్టిందనిపించడం సహజం. మరికొంత వెనక్కి వెళితే చిత్రం మారుతుంది. సినిమా ప్రకటన 2020 ఫిబ్రవరిలో, షూటింగ్ ఆరంభం 2021 జులైలో. దర్శకుడు నాగ్ అశ్విన్ వాహనాల కోసం ఇంజనీరింగ్ సాయం కోరుతూ పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాకు బహిరంగంగా రాసింది 2022 మార్చిలో. ఆ ఏడాది చివరి రోజున విడుదలైన వీడియో మొత్తం ఒక చక్రం తయారీ గురించే. అంటే పిల్లల చేతికి బొమ్మ రావడానికి రెండేళ్లకు పైగా ముందే ఆ వాహనం ఇంజనీర్ల బల్ల మీద ఉంది.

ఇంకొక వివరం. మహీంద్రా బృందం, కోయంబత్తూరు జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి చేసిన బుజ్జి దాదాపు 6 టన్నుల బరువుతో, 6 మీటర్లకు పైగా పొడవుతో, నిజంగా నడిచే బండి. బొమ్మల అమ్మకమే లక్ష్యమైతే కంప్యూటర్‌లో గీసి అచ్చుకు పంపడం చాలు. వెనుక గోళాకారపు చక్రాన్ని రోడ్డు మీద తిప్పడానికి అంత శ్రమ పడనక్కర్లేదు. బుజ్జి మాటకారితనానికి కూడా కథలోనే కారణం దొరుకుతుంది: ఒంటరిగా తిరిగే నాయకుడికి మాట్లాడేందుకు ఎవరో ఒకరు కావాలి. కాబట్టి బుజ్జి విషయంలో బొమ్మ ప్రభావం ప్రచారంలో స్పష్టంగానూ, కథలో బలహీనంగానూ కనబడుతుందని మాత్రమే చెప్పగలం.

5. హాలీవుడ్‌కూ తెలుగుకూ మధ్య కనబడే ఈ తేడాకు కారణం డబ్బు తిరిగి వచ్చే దారిలో ఉండవచ్చు. దానిని అర్థం చేసుకోవడానికి జాతీయ రహదారి 65 మీది కోదాడ మంచి చోటు. సినిమా పంపిణీ లెక్కలో కోదాడ నైజాం. రాష్ట్ర సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరితే కృష్ణా ఏరియా. ఈ కొద్ది దూరంలో టికెట్ డబ్బు వేరే పంపిణీదారుడి ఖాతాలోకి మారుతుంది. ప్రతి ఆట షేర్ ఎవరికి ఎంతో రాసి ఉంటుంది. మిర్యాలగూడలో తెగిన టికెట్టు కూడా ఏదో ఒక రూపంలో నిర్మాత లెక్కలోకి వెళుతుంది. అందుకే ఏరియాల మాట కథలో, పాటలో, ఫైటులో వినబడుతుంది.

బొమ్మకు ఇలాంటి ఏరియా లేదు. పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. 2023లోనూ, 2025లోనూ ఫిబ్రవరిలోనే వచ్చింది. అలాంటి జాతర దుకాణాల్లోనూ, పట్టణాల ఫ్యాన్సీ స్టోర్లలోనూ వేలాడే సూపర్ హీరోలు, రోబోలు చాలావరకు లైసెన్సుతో సంబంధం లేనివేనని వాటి ధరను బట్టి, అట్ట మీద కంపెనీ పేరు లేకపోవడాన్ని బట్టి ఊహించవచ్చు. వాటిమీద వచ్చిన రూపాయి ఏ కథకుడి దగ్గరకూ తిరిగి రాదు. తిరిగి రాని డబ్బు కథను శాసించడం అరుదు.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పిల్లల భద్రతకు, దేశీయ తయారీకి ఇవి మేలు చేసి ఉండవచ్చు. కాని ఒక్క సినిమా కోసం కొన్ని నెలలు మాత్రమే అమ్ముడుపోయే బొమ్మకు కొత్త అచ్చు పోయించి, పరీక్షలు చేయించి, గుర్తు తెచ్చుకోవడం నిర్మాతకు భారమే. హైదరాబాదులో పుట్టిన యానిమేషన్ పాత్ర ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో నిత్యం కనబడడం వల్ల ఈ భారం మోయగలిగిందనుకోవాలి. మూడు గంటల సినిమాకు ఆ వెసులుబాటు లేదు.

6. పైదంతా 'కల్కి' మొదటి భాగం వరకే. కథ ఇంకా ముగియలేదు, బుజ్జి ఇప్పటికే పిల్లలకు తెలిసిన పేరు. రెండో భాగం నాటికి బొమ్మ ముందే సిద్ధంగా ఉండే పరిస్థితి మొదటిసారి ఏర్పడవచ్చు. 'స్టార్ వార్స్'కు 1977కూ 1983కూ మధ్య జరిగింది అదే. లెక్క ప్రకారం పెద్దగట్టు జాతర మళ్లీ 2027లో రావాలి. అక్కడ దుకాణంలో బుజ్జి కనబడితే పెట్టె తిప్పి చూడవలసినవి మూడు: ఐఎస్ఐ గుర్తు, హక్కుదారు పేరు, తయారైన నెల. ఆ నెలను సినిమా షూటింగ్ తేదీల పక్కన పెట్టి చూడాలి.